అరిగిపోయిన మొదటి ముద్రణ

తెలుగులో అందరూ చదివిన నవలల తొలి ప్రతులు ఇవాళ కనబడవు. అందరూ చదవడమే అందుకు కారణం.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని వంద ముద్రణలు దాటిన నవలగా తెలుగువాళ్లు చెప్పుకుంటారు. 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పటికి రచయిత్రికి పాతికేళ్లు. తర్వాత పుస్తకమైంది. 1976లో అక్కినేని, వాణిశ్రీ జంటగా సినిమా అయింది. 2018 మేలో ఆమె కాలిఫోర్నియాలో కన్నుమూసేనాటికి కూడా పుస్తకాల దుకాణాల్లో కొత్త అట్టతో దొరుకుతూనే ఉంది. ఇంత బతికిన నవల మొదటి ముద్రణ ప్రతి ఒక్కటి చూద్దామంటే ఎక్కడుంది?

వరంగల్ కొత్తవాడలో అడిగి చూడండి. అరవై దాటిన ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లను కదిపితే అందులోని జయంతి కథ, రాజశేఖరం కథ ఇప్పటికీ చెబుతారు. పుస్తకం చూపించమంటే మాత్రం నవ్వుతారు. "మేం కొన్నమా ఏంది బిడ్డా, కిరాయికి తెచ్చుకొని చదివినం" అంటారు. తెలుగు పాపులర్ నవల ఎంత అమ్ముడైందో, దాని తొలి ప్రతులు ఏమయ్యాయో రెండూ ఆ ఒక్క జవాబులో ఉన్నాయి.

వంద ముద్రణలంటే ఎన్ని ప్రతులు? మన నవలల్లో టైటిల్ వెనుక పేజీ తిప్పితే 'ప్రతులు: 1000' అనో 'ప్రతులు: 2000' అనో కనిపిస్తుంది. చాలామంది ప్రచురణకర్తలు ఎంత అచ్చు వేశారో దాచకుండా అక్కడే వేసేవారు. పాత పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్లకు అది పెద్ద వరం. కానీ ఆ అంకెలన్నీ కూడినా ఆ నవలను ఎంతమంది చదివారో తేలదు. కిరాయి షాపులో ఒక ప్రతి రెండు రోజులకోసారి చేతులు మారిందనుకుందాం. ఏడాదికి 180 ఇళ్లు తిరిగినట్టు. ఇంటికి ముగ్గురు చదివినా 540 మంది. ఇది ఊహ లెక్కే, కానీ పెంచి చెప్పిన లెక్క కాదు. ఆ రోజుల్లో కిరాయి షాపు నడిపినవాళ్లను అడిగితే ఇంకా ఎక్కువే చెబుతారు. కొత్త నవల వచ్చిందంటే ముందే పేరు రాయించుకుని, తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్లు ఉండేవారు.

కొత్తవాడలో ఈ లెక్క మరోలా పెరిగింది. ఇది నేత పేట. షత్రంజీలకు, అంటే దర్రీలకు పేరుపడ్డ చోటు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే దాని వెనుక ఉన్నది ముఖ్యంగా ఇక్కడి మగ్గాలే. మగ్గం మీద మగవాళ్లు కూర్చుంటే ఆడవాళ్లు రాట్నం ముందు కండెలు చుట్టేవాళ్లు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే కదా. మా చిన్నతనంలో ఇంట్లో చదువు వచ్చిన పిల్లను గడప మీద కూర్చోబెట్టి నవల చదివించుకునేవాళ్లు. "ఆగు, ఆ పిల్ల నౌకరి ఇడిసిపెట్టిందా ఇంతకు?" అని లోపలి నుంచి ఓ అత్తమ్మ అడిగేది. చదివే పిల్లకు మళ్లీ వెనక్కి వెళ్లి ఆ పేరా చదవక తప్పేది కాదు. ఒక ప్రతి, ఒక గొంతు, ఐదారు జతల చెవులు. ఏ ప్రచురణకర్త ఖాతాలోనూ ఈ పాఠకులు లేరు. కానీ నవల ప్రాణం పోసుకున్నది వీళ్ల దగ్గరే అని నేను గట్టిగా నమ్ముతాను.

కిరాయి షాపు చేసిన మేలు, కీడు

కొత్త నవల రాగానే షాపువాడు ముందు చేసే పని దాన్ని కిరాయికి తట్టుకునేలా చేయడం. జిగురుతో అంటించిన పాకెట్ బుక్ వీపు నాలుగు చేతులు మారితే విడిపోతుంది. అందుకని దబ్బనంతో పక్కన తూట్లు పొడిచి, దారంతో కుట్టి, మైదా లైతో అట్టముక్క అంటించి, వీపుకు గుడ్డ వేసేవాడు. అంచులు సమంగా రావాలని కత్తిరించేవాడు. అసలు ముఖచిత్రం అట్ట లోపలికి పోయేది, లేదా చిరిగి ఊడిపోయేది. పైన రంగుతో నెంబరు. లోపల మొదటి పేజీ మీద షాపు రబ్బరు ముద్ర, 'పేజీలు చింపినచో పుస్తకం వెల వసూలు చేయబడును' అన్న హెచ్చరిక. పావలా, అర్ధరూపాయి కిరాయి. కొత్తదైతే ఇంకొంచెం.

కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు. తక్కువ వెలకు ఇవ్వాలంటే చౌక కాగితమే గతి. దాని కట్టె గుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు, గాలి తగిలి పచ్చబడుతుంది. కాగితంలోని ఆమ్లం దాన్ని పెళుసుగా చేస్తుంది. మడత పెట్టిన మూల ఒక రోజు చేతిలోకి ఊడి వస్తుంది. దీనికి తోడు మైదా లై అంటే పురుగులకు విందే. వరంగల్ ఎండలకు, వానాకాలం చెమ్మకు ఆ ప్రతి నాలుగైదేళ్లు నిలబడితే గొప్ప. పేజీలు పోయాక షాపువాడు దాన్ని పొట్లాల కాగితానికి అమ్మి, అదే నవల తర్వాతి ముద్రణ తెచ్చి కుట్టేవాడు. ముద్రణల సంఖ్య అలా పెరిగింది. వంద ముద్రణలలో కొత్త పాఠకుల కోసం వేసినవి ఎన్నో, అరిగిపోయిన ప్రతుల చోటు నింపడానికి వేసినవి ఎన్నో విడదీసి చెప్పడం కష్టం.

మధుబాబు షాడో నవలల గతి దీనికన్నా దారుణం. జేబులో పట్టే సైజు. కాలేజీ కుర్రాళ్లు పుస్తకాల మధ్య దాచుకుని, బస్సులో చదివి, ఒకరి నుంచి ఒకరు లాక్కుని చదివారు. ఆ తొలి ప్రతుల్లో అట్ట చెక్కు చెదరనిది చూశానని ఎవరైనా అంటే మాత్రం తప్పకుండా చూపించమని అడుగుతాను.

ఇక తేటగా ఉన్న తొలి ప్రతులు ఎక్కడైనా మిగిలి ఉంటాయా? నా అంచనా, ఉంటే అవి కిరాయి షాపుల దారిలో కాక పోస్టు దారిలో వచ్చినవై ఉంటాయి. ఎమెస్కో వాళ్లు 'ఇంటింటా సొంత గ్రంథాలయం' అని ఒక పథకం నడిపారు. సభ్యులుగా చేరితే పాకెట్ పుస్తకాలు ఇంటికే వచ్చేవి. టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు అలా కొని, అల్మారాలో వరుసగా పెట్టుకున్నారు. ఆ తరం ఇప్పుడు వెళ్లిపోతోంది. పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ అల్మారా ఎటు పోతుందో దాన్నిబట్టే మన తొలి ముద్రణల బతుకు ఉంది.

బయటి కొలత మనకు సరిపోదు

1997లో బ్రిటన్‌లో బ్లూమ్స్‌బరీ సంస్థ 'హ్యారీ పోటర్' మొదటి నవలను గట్టి అట్టతో 500 ప్రతులే వేసింది. వాటిలో సుమారు 300 గ్రంథాలయాలకు పోయాయి. పిల్లలు చదివి నలిపిన ఆ లైబ్రరీ ప్రతులకు వేలంలో తక్కువ ధర. ఎవరూ తెరవనట్టున్న ప్రతికే పెద్ద ధర. 2021 డిసెంబరులో అలాంటి ఒక ప్రతి అమెరికాలో 4,71,000 డాలర్లకు పోయింది. దాన్ని గుర్తుపట్టడానికి అక్కడివాళ్లకు గుర్తులున్నాయి. ముద్రణ వివరాల పేజీలో 10 నుంచి 1 దాకా అంకెల వరుస పూర్తిగా ఉండాలి, 53వ పేజీలో హ్యారీ కొనాల్సిన సామాన్ల జాబితాలో మంత్రదండం రెండుసార్లు అచ్చయి ఉండాలి. జాన్ గ్రిషమ్ మొదటి నవల 'ఎ టైమ్ టు కిల్' 1989లో 5,000 ప్రతులే అచ్చయితే అందులో వెయ్యి రచయితే కొనుక్కున్నాడు. తర్వాత పేరు వచ్చాక ఆ ప్రతుల కోసం సేకర్తలు ఎగబడ్డారు.

ఈ రెండు కథల్లోనూ తొలి ముద్రణ అరుదు కావడానికి కారణం అప్పటికి ఆ రచయిత ఎవరికీ తెలియకపోవడం. మన దగ్గర వరస తిరగబడింది. సీరియల్ చదివినవాళ్లు పుస్తకం కోసం ముందే కాచుకుని ఉన్నారు. తొలి ప్రతి అచ్చు వాసన పోకముందే కిరాయి షాపులోకి పోయి, అక్కడే అరిగిపోయింది. కాబట్టి 'చెక్కు చెదరని ప్రతి'కే విలువ కట్టే బయటి కొలతను తెచ్చి మన పుస్తకాల మీద పెడితే మిగిలిన కాసినీ పనికిరానివైపోతాయి. అట్ట మారి, అంచులు కోసి, మూడు షాపుల ముద్రలు పడ్డ 1960ల నాటి ప్రతిని చెత్త అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ మూడు ముద్రలే ఆ నవల అమ్మకాల రికార్డు. ఏ పేటలో ఏ షాపు ఉండేదో, ప్రతి ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయిందో చెప్పే కాగితం మరొకటి మనకు లేదు.

మొదటి ముద్రణ కన్నా ముందు రూపం ఒకటుంది. అది సీరియల్. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడు పాఠకులు వారం వారం ఆ పేజీలు కత్తిరించి దాచి, అయిపోయాక బైండు చేయించుకున్నారు. తెలుగు ఇళ్లలో అటక మీద ఇలాంటి బైండ్లు కోకొల్లలు. పుస్తకంలో లేనివి అందులో ఉంటాయి. ప్రతి వారం పేరు పక్కన బొమ్మ, వచ్చే వారం దాకా ఊపిరి బిగబట్టేలా ఆపిన చోటు, పేజీ వెనుక సబ్బు ప్రకటన, పక్క కాలంలో పాఠకుల ఉత్తరం. సీరియల్ చదివిన ఉత్కంఠ ఎలాంటిదో అర్థం కావాలంటే ఆ వారపు విరుపులు చూడాలి. పుస్తకంలో అవి అధ్యాయాల మధ్య కలిసిపోయాయి. నన్నడిగితే తెలుగు పాపులర్ నవలకు అసలైన తొలి ప్రతి ఈ ఇంటి బైండే. దీన్ని పాత పేపర్ల కింద తూకానికి వేసేస్తున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చేతిలో ఉన్నది ఎప్పటిదో తెలిసేదెలా?

పుస్తకంలో 'ప్రథమ ముద్రణ' అని ఉంటే సరిపోదు. ప్రచురణకర్త మారినప్పుడు కొత్తాయన తన లెక్కలో మళ్లీ 'ప్రథమ ముద్రణ' అని వేసుకోవడం మన దగ్గర ఉన్నదే. ముద్రణ పేజీయే చిరిగిపోయిన కిరాయి ప్రతులు ఇంకా ఎక్కువ. అప్పుడు వేరే ఆనవాళ్లు వెతకాలి.

అన్నిటికన్నా నమ్మదగినది చిరునామా. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల పిన్ ఉందంటే ఆ ప్రతి 1972కు ముందుది కాదు. 'మద్రాసు-17' లాంటి పాత పోస్టల్ జోన్ అంకె మాత్రమే ఉంటే పాతదయ్యే అవకాశం ఉంది. అయితే కొందరు తర్వాత కూడా అలవాటుగా అలాగే వేశారు, తొందరపడకూడదు. చెన్నై అని ఉంటే 1996 తర్వాతిదే. 

తర్వాత వేలితో చూడాలి. సీసపు అక్షరాలు పేర్చి లెటర్‌ప్రెస్‌లో కొట్టిన పేజీ వెనుక వేలు రాస్తే అక్షరాలు లేచి తగులుతాయి. వత్తులు అక్కడక్కడ విరిగి ఉంటాయి, ఒక పేజీలో సిరా ముదురు, పక్క పేజీలో లేత. ఆఫ్‌సెట్, డీటీపీ వచ్చాక ఇవన్నీ నునుపైపోయాయి. వెల మీద కొత్త వెల చీటీ అంటించి ఉంటే గోటితో గీకకండి, వెలుతురుకు పట్టి చూడండి.

అట్ట కూడా కాలం చెబుతుంది. 'సెక్రటరీ' అట్ట మీద సినిమా స్టిల్ ఉంటే అది 1976కు అటు తర్వాతిదని వేరే చెప్పనక్కర్లేదు. యద్దనపూడివే మరో రెండు నవలల్లో 'మీనా'కు 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమా వచ్చింది. 'జీవన తరంగాలు' కూడా ఆ ఏడాదే తెరకెక్కింది. ఈ మూడు నవలల సినిమాకు ముందు నాటి అట్టలు, అంటే చిత్రకారులు వేసిన అట్టలు, వరసగా ఒకచోట పెట్టి చూపించగలిగిన గ్రంథాలయం ఉంటే అది పెద్ద పండుగ.

మన వరంగల్ నవల ఒకటి

'సెక్రటరీ' వచ్చిన దశకంలోనే వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక నవల దారి వేరు. నవీన్ 'అంపశయ్య' 1969లో వెలువడింది. ఉస్మానియాలో చదువుకునే రవి అనే కుర్రాడి పదహారు గంటల జీవితం. నవల పేరే రచయిత ఇంటిపేరైంది. 2004లో 'కాలరేఖలు'కు ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినా జనం ఆయన్ని అంపశయ్య నవీన్ అనే పిలుస్తారు. ఇదీ మళ్లీ మళ్లీ అచ్చయిన పుస్తకమే. కానీ దీన్ని చదివింది ఎక్కువగా విద్యార్థులు, అధ్యాపకులు. కొని దాచుకునే అలవాటున్నవాళ్లు. అందుకే యాభై ఏళ్ల తర్వాత కూడా దీని పాత ప్రతి ఏ లెక్చరర్ ఇంట్లోనో దొరికే ఆశ ఉంది. 'సెక్రటరీ'కి ఆ ఆశ తక్కువ. చదివినవాళ్లు ఎక్కువున్న పుస్తకమే ముందు మాయమైంది.

ఎవరు దాచాలి?

చట్టం ప్రకారం దాచినవాళ్లు ఉండాలి. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్త తాను వేసిన ప్రతి పుస్తకం ప్రతిని సొంత ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరా గ్రంథాలయానికి, బొంబాయి కేంద్ర గ్రంథాలయానికి పంపాలి. అప్పట్లో తెలుగు నవలలు మద్రాసులోనూ అచ్చయ్యేవి. కాబట్టి తొలి ముద్రణల వేట కన్నెమరాలో మొదలుపెట్టడం తెలివైన పని. అక్కడ ఏమున్నాయో, ఏవి లేవో తెలుగు పాపులర్ నవల వరకు ఒక జాబితా తయారుచేస్తే అది ఒక పరిశోధక విద్యార్థికి మంచి డాక్టరేటు అవుతుంది. కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖ దాన్ని తలకెత్తుకుంటే ఎంత బాగుంటుంది!

వరంగల్‌కు ఈ విషయంలో పాత వారసత్వం ఉంది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో పుట్టింది. నిజాం పాలనలో తెలుగు పుస్తకం చదవడమే ఒక పోరాటమైన రోజులవి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. అంత ఆరాటంతో పుస్తకాన్ని ఇంటింటికీ చేర్చిన నేల ఇది. కానీ అలాంటి గ్రంథాలయాలకు కూడా పాపులర్ నవల అంటే కొంత చిన్నచూపు ఉండేది. 'ఆడవాళ్ల కాలక్షేపం' అని పక్కన పెట్టారు. కొన్నచోట అరువుకిచ్చారు, అరిగాక తీసి పారేశారు. భద్రపరచాల్సిన పుస్తకమని ఎవరికీ తోచలేదు. ఈ చిన్నచూపు వల్ల పోయిన ప్రతులు కిరాయి షాపుల్లో పోయినవాటికన్నా ఎక్కువ బాధ కలిగిస్తాయి, ఎందుకంటే షాపువాడు దాచే బాధ్యత తీసుకున్నవాడు కాదు.

వరంగల్ తివాచీలను 1851లో లండన్ మహాప్రదర్శనలో పెట్టారు. వరంగల్‌లో నేసిన తివాచీ అక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవాళ్టికీ భద్రంగా ఉంది. కాళ్ల కింద వేసుకునే వస్తువును కూడా దాచదగినదని ఎవరో అనుకున్నారు కాబట్టి ఆనాటి రంగులు, అల్లిక మనం చూడగలుగుతున్నాం. మగ్గం పక్కన చదివిన నవలకు ఆ మర్యాద దక్కడానికి ఇంకా ఆలస్యం కాలేదు. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పాత పత్రికలు ఉన్నాయి. 2000 ఆగస్టు వరదల్లో సుందరయ్య కేంద్రంలోకి నీళ్లు చేరి విలువైన సంపద దెబ్బతింది. ఒక్కచోటే దాచడం ఎంత ప్రమాదమో ఆ వరద చెప్పింది. స్కాన్ చేసి పెట్టడం అందుకే అవసరం. పాపులర్ నవలల దగ్గర కాపీరైటు అడ్డొస్తుంది. మన చట్టంలో రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. యద్దనపూడి రచనలకు 2078 చివరి దాకా. బయట పెట్టడానికి వారసుల అనుమతి కావాలి కనుక, ముందు కాగితం ప్రతిని కాపాడుకోవడమే మన చేతిలో ఉన్న పని.

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద ఇప్పటికీ ఇవి అప్పుడప్పుడు కనిపిస్తాయి. తెలుగు పాపులర్ నవలల తొలి ముద్రణలకు వేలంపాటలు లేవు, స్థిరమైన ధర అంటూ లేదు. అడిగినవాడి ముఖం చూసి చెప్పే రేటే. ధర లేనప్పుడే సేకరించడం సులువు. డబ్బు కోసం కొనేవాళ్లు ఇంకా రాలేదు, ప్రేమతో కొనేవాళ్లకు ఇదే అదను.

మీ ఇంట్లో అలాంటి ప్రతి ఉంటే ఒకటి రెండు జాగ్రత్తలు. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించకండి. నాలుగేళ్లలో దాని జిగురు కాగితంలోకి ఇంకి మచ్చ మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. పాలిథిన్ కవర్లో బిగించి పెడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. మంచి కాగితంలో చుట్టి, ఎండ తగలని అరలో పడుకోబెట్టి ఉంచండి. కిరాయి షాపువాడు వేసిన అట్టను ఊడదీసి 'అందంగా' మళ్లీ బైండు చేయించొద్దు. దబ్బనం తూట్లు, లోపలి ముద్ర, ఎవరో పెన్సిలుతో రాసుకున్న తేదీ అలాగే ఉండనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ షాపు ఏ వీధిలో ఉండేదో, కిరాయి ఎంత ఇచ్చేవాళ్లో అడిగి, విడి కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి.